ఒకే సీసా, రెండు రంగులు

పోయిన వారం పెద్దక్కను కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో, చేతిలో పరీక్షనాళికతో నిలబెట్టి వచ్చేశాం. నాళికలో నీలం రావాల్సింది పోయి రక్తంలాంటి ఎరుపు వచ్చింది. ఆవిడ దాన్ని చూసి బెదరలేదు సరికదా, లోలోపల నవ్వుకుంది. చీటీ తీసి, తనకొచ్చిన సీసాలోని పదార్థంలో ఏమున్నాయో కనిపెట్టడమే పరీక్ష. కాగితం మీద 'నైట్రోజన్, సల్ఫర్ రెండూ ఉన్నాయి' అని రాసి కింద గీత కూడా కొట్టింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ కాగితాన్ని అందుకుంది.

ఆ చెయ్యి బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దమనిషిది. ఏ మాటైనా ఆచితూచి మాట్లాడతాడని పిల్లలు ఆయనకు త్రాసు మాస్టారని పేరు పెట్టారు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఒకసారి అనుమానం వచ్చిందంటే దాని అంతు చూడకుండా నిద్రపోయే రకం కాదు.

ఇక మన పెద్దక్క సంగతి. పెళ్లితో ఆగిపోయిన డిగ్రీని పూర్తి చేయాలని ఇన్నేళ్ల తర్వాత కాలేజీలో చేరింది. చేరితే చేరింది, కన్నకూతురి క్లాసులోనే సీటు వచ్చింది. "కాలేజీలో నువ్వు మా అమ్మవి కాదు, సరేనా?" అని కూతురు గువ్వ మొదటిరోజే ఒట్టు వేయించుకుంది. క్లాసంతా పెద్దక్కా అంటుంటే కూతురూ పెద్దక్కా అనే పిలుస్తుంది. తొమ్మిది నెలలు మోసి కన్న పిల్ల అక్కా అని పిలిస్తే ఏ తల్లికి బాగుంటుంది? అయినా పెద్దక్క ఆ మాటను గుటక వేసి మింగేసింది. ఈ పరీక్ష ఒక్కటి గట్టెక్కితే జలాశయం దగ్గర నీటిని పరీక్షించే ల్యాబులో ఉద్యోగం ఆవిడ కోసం ఎదురుచూస్తోంది.

త్రాసు మాస్టారు కాగితం చదివారు. స్టాండులో ఉన్న ఎర్రటి నాళికను పైకెత్తి కిటికీ వెలుతురుకి పట్టారు. మళ్లీ కాగితం చదివారు.

"అమ్మా, పొద్దున బ్యాచ్‌లో మీ అమ్మాయి రాసింది కదూ?"

"అవును సార్."

"చీటీలో ఆ అమ్మాయికీ ఈ సీసానే వచ్చింది. తెలుసా?"

"తెలీదు సార్." అబద్ధం కాదు. పొద్దున బ్యాచ్ బయటికి వస్తున్నప్పుడు వరండాలో కూతురు ఎదురైతే, ఎవరూ వేలెత్తి చూపకూడదని ఈవిడ రెండు చెవుల్లో దూది పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది. చూసినవాళ్లు చెవిపోటేమో అనుకున్నారు.

"పొద్దున ఆ అమ్మాయికి నీలం వచ్చింది. నా కళ్లతో చూశాను. ఇప్పుడు మీకు ఎరుపొచ్చింది." ఆయన నాళికను తిరిగి స్టాండులో పెట్టారు. "ఒకే సీసా. రెండు రంగులు. నేనేమనుకోవాలి?"

"సార్, నైట్రోజన్, సల్ఫర్ రెండూ ఉన్న పదార్థానికి ఒక్కోసారి ఎరుపు కూడా..."

"వస్తుంది. నాకూ తెలుసు." ఆయన చెయ్యి అలమర వైపు లేచింది. అక్కడ గాజు సీసాల వరసలో థయోసైనేట్ అని రాసిన సీసా ఒకటి ఉంది. "ఇనుము కలిపిన నాళికలో అందులోంచి ఒక్క చుక్క వేసినా ఇదే ఎరుపు వస్తుంది. జవాబు ముందే తెలిసిన మనిషి, తన చేత్తో నీలం రప్పించలేక, ఆ చుక్కతో పని కానిచ్చేస్తే? జవాబు ఎలా తెలిసిందంటారా, పొద్దున బ్యాచ్‌లో కూతురుంది."

పక్క బల్ల దగ్గరి కుర్రాళ్లు తమ నాళికల్ని వదిలేసి ఇటే గుడ్లప్పగించి చూస్తున్నారు.

"మీ ఒక్కరి సంగతైతే మార్కులు తగ్గించి ఊరుకునేవాణ్ణి. ఇది ఇద్దరి సంగతి. రిపోర్టు రాస్తే మీకూ ఏడాది పోతుంది, మీ అమ్మాయికీ ఏడాది పోతుంది."

అప్పటిదాకా ఉన్న పెద్దక్క నిబ్బరం ఆ చివరి మాటతో జారిపోయింది. తన చదువు ఇన్నేళ్లు ఆగింది, ఇంకో ఏడాది ఆగితే కొంప మునగదు. కానీ గువ్వ? పొద్దస్తమానం పుస్తకాల మీద పడి చదివిన పిల్ల! ఆ పిల్లకు తల్లి పక్కన కూర్చోవడమే ఒక శిక్ష. ఇప్పుడు తల్లి వల్ల ఏడాది కూడా పోతే జన్మలో మొహం చూస్తుందా?

సాయం కోసం గోడవారగా నిలబడ్డ ల్యాబ్ మేడమ్ వైపు చూసింది. సీసాలు నింపింది ఆ మేడమే. ఏ సీసాలో ఏముందో ఆవిడకు కంఠతా వచ్చు. కానీ పరీక్ష అయ్యేదాకా నోరు విప్పకూడదన్నది నియమం. పాపం, ఆవిడ పెదాలు బిగించి తన అప్రాన్ గుండీని తిప్పుతూ నిలబడింది. ఇంకో రెండు తిప్పులు తిప్పితే గుండీ ఊడి చేతికొచ్చేలా ఉంది.

పెద్దక్క కళ్లు తన బల్ల మీదికి తిరిగాయి. ఒకే సీసా, రెండు రంగులు. పొద్దున పిల్ల చేసిందేమిటి, మధ్యాహ్నం తను చేసిందేమిటి? పదార్థం ఒకటే, నీళ్లు అవే, ఇనుము అదే. మరి తేడా ఎక్కడ?

బల్ల మూల గడియారపు అద్దంలాంటి చిన్న గాజు పళ్లెంలో, కిరోసిన్‌లో మునిగి, ఒక బూడిదరంగు ముక్క కనిపించింది.

ఆవిడకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా ఆగలేదు.

"ఏమ్మా?" అన్నారు త్రాసు మాస్టారు, కనుబొమలు ముడిచి.

"నా బుద్ధే నా కొంప ముంచింది సార్."

పెద్దక్క బుద్ధి ఎలాంటిదో ఆవిడ ఇంట్లో అందరికీ తెలుసు. సబ్బు కొంటే రెండు ముక్కలు చేసి ఒకటి దాస్తుంది. టూత్‌పేస్టు గొట్టాన్ని కత్తిరించి లోపల గీకుతుంది. అలాంటి మనిషికి పరీక్ష మొదట్లో బఠాణీ గింజంత సోడియం ముక్క ఇచ్చారు. చూస్తే నిండుగా ఉంది. మొత్తం ఒకేసారి తగలేయడానికి చెయ్యి రాలేదు. కత్తితో సగానికి కోసి, ఒక సగం వాడి, రెండోది 'ఎందుకైనా పనికొస్తుంది' అని దాచింది. ఇన్నేళ్లుగా ప్రపంచంలో ఎన్ని లక్షలమంది ఈ పరీక్ష చేశారో తెలీదు కానీ, సోడియాన్ని పొదుపు చేసిన మనిషి మాత్రం మన పెద్దక్క ఒక్కతే అయ్యుంటుంది.

"సార్, నేను సోడియం సగమే వాడాను. పదార్థం మాత్రం పొదుపు చేయలేదు, పూర్తిగా వేశాను. ఇద్దరి కోసం వండిన కూర నలుగురికి వడ్డించినట్టయింది."

"అయితే?"

"సోడియం చాలకపోతే నైట్రోజన్, సల్ఫర్ ఒకదాన్నొకటి వదలవు సార్. జంటగానే నీళ్లలోకి దిగుతాయి. ఆ జంట ఇనుము తగిలితే ఎర్రబడుతుంది. మా అమ్మాయి మొత్తం ముక్క వాడి ఉంటుంది. సోడియం దండిగా ఉంటే జంట విడిపోతుంది. అప్పుడు నైట్రోజన్ నీలం చూపిస్తుంది. సల్ఫర్ విడిగా ఊదా రంగు చూపిస్తుంది. అందుకే ఒకే సీసాకి రెండు రంగులు." ఆవిడ గాజు పళ్లాన్ని ముందుకు జరిపింది. "మిగతా సగం ఇక్కడే ఉంది. పదార్థం ఈసారి చిటికెలో సగం వేసి చేస్తాను. మీ కళ్లముందే. నీలం రాకపోతే మీరు ఏ రిపోర్టు రాసినా కిక్కురుమనను."

త్రాసు మాస్టారు ఆలోచించారు. మనసులో ఒక పళ్లెం కిందికి దిగి, మళ్లీ పైకి లేచినట్టుంది. చివరికి తల ఊపారు. ఆ థయోసైనేట్ సీసాను స్వయంగా తీసుకెళ్లి కిటికీ అవతలి అరుగు మీద పెట్టి వచ్చారు. కొత్త నాళికలు తెప్పించారు. డిస్టిల్డ్ వాటర్ తనే పోశారు.

"ఇద్దరి సంగతి అన్నాను కదా. ఆ అమ్మాయిని కూడా పిలవండి. గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంది. నోరు మాత్రం మెదపకూడదు."

గువ్వ వచ్చింది. దారిలోనే ఎవరో చెవిన వేసినట్టున్నారు, ముఖంలో నెత్తుటి చుక్క లేదు. తల్లి వైపు చూసిన చూపులో కోపం ఎంతో, భయం ఎంతో చెప్పడం కష్టం. పెద్దక్క ఆ చూపును పక్కన పెట్టి కత్తి అందుకుంది.

సోడియం ముక్క మీద తెల్లటి పెచ్చు కట్టింది. దాన్ని చెక్కేసరికి సగం కాస్తా పావయింది. చెక్కిన లోపలి భాగం మాత్రం కొత్త స్టీలు గిన్నెలా మెరిసింది. దాన్ని వడపోత కాగితంతో తుడిచి, చిటికెన వేలంత గాజు గొట్టంలో వేసి మంట మీద పెట్టింది. ముక్క కరిగి మెరిసే గుండు పూస అయింది. అప్పుడు పదార్థం వేసింది. ఎంత వేసింది? గోటి చివర అంటుకున్నంత. ఈసారి పిసినారితనం అంతా అక్కడే చూపించింది.

కార్బన్‌తో ముడిపడి కూర్చున్న నైట్రోజన్‌ని మామూలు పరీక్షలేవీ కదిలించలేవు. సోడియంతో కలిపి ఎర్రగా కాలిస్తేనే ఆ ముడి వీడుతుంది. అందుకే గొట్టం అడుగు నిప్పు కణికలా మారేదాకా కాల్చింది. పట్టుకారుతో పట్టుకుని చటుక్కున నీళ్లలో ముంచింది. ఠప్పున గాజు పగిలింది. గుమ్మం దగ్గర గువ్వ ఉలిక్కిపడింది.

ఆ నీళ్లను మరిగించి వడకట్టింది. నీరు తేటగా, మంచినీళ్లలా దిగింది. పదార్థంలో ఏముందో ఆ నీళ్లు చెప్పాలి. తల్లీకూతుళ్ల ఏడాది మొత్తం ఆ అరగ్లాసు నీళ్లలో ఉంది.

ఒక నాళికలో కొంచెం పోసి, ఇనుము ఉన్న ఫెర్రస్ సల్ఫేట్ కలిపి మరిగించింది. చల్లార్చింది. డ్రాపర్‌తో ఆమ్లం వేసింది. ఒక చుక్క. రెండో చుక్క.

నాళికలో నీలం లేదు. ఎరుపూ లేదు. ముదురాకుపచ్చ బురద తేలింది. వానాకాలంలో వీధి గుంటలో నీళ్లు ఎలా ఉంటాయో అలా ఉంది.

వెనక ఎవరో నిట్టూర్చారు. త్రాసు మాస్టారు జేబులోంచి పెన్ను తీశారు. ల్యాబ్ మేడమ్ చేతిలోకి నిజంగానే గుండీ ఊడి వచ్చింది. గువ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక ఒక మాట కొట్టుకుంటోందని, దాన్ని పిల్ల బలవంతాన ఆపుకుంటోందని తల్లికి అర్థమైంది. ఏమిటా మాట?

పెద్దక్క ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. బురద. ఇనుము బురద. క్షారంలో ఇనుము ఇలాగే బురదగా దిగుతుంది. నీలం రాలేదని ఎందుకనుకోవాలి? వచ్చి ఈ బురద కింద దాక్కుందేమో! ఆమ్లం ఇంకా పడితే బురద కరుగుతుంది. రెండు చుక్కలేసి చేతులెత్తేశాను, ఇక్కడా పొదుపేనా? ఛీ, ఈ బుద్ధి పాడుగాను!

డ్రాపర్ నిండా ఆమ్లం తీసుకుని, చుక్కలు లెక్కపెట్టకుండా ధారగా వదిలింది.

బురద విరిగింది. పొగమంచు కరిగినట్టు పైనుంచి కిందికి కరుగుతూ పోయింది. దాని వెనకనుంచి నీలం వచ్చింది. ముందు లేతగా, తర్వాత చూస్తుండగానే చిక్కబడి, బడిపిల్లల సిరాబుడ్డీలాంటి నిండు నీలం నాళిక అంతా పరుచుకుంది.

"అమ్మా!"

ఆ కేక గుమ్మం దగ్గరనుంచి వచ్చింది. నోరు మెదపకూడదన్న నియమమూ లేదు, పెద్దక్కా అన్న పిలుపూ లేదు. క్లాసంతా వింటుండగా, గొంతు చించుకుని, "అమ్మా! వచ్చింది! నీలం వచ్చింది!" అని అరుస్తూ గువ్వ ఎగిరి గంతేసింది. పెద్దక్కకు నీలం కన్నా ముందు ఆ పిలుపు లోపలికి దిగింది. గుమ్మం వైపు గిరుక్కున తిరిగేసరికి నాళికలోది కాస్త ఒలికి వేళ్లన్నీ నీలమయ్యాయి.

అయినా పని ఆపలేదు. ఇంకో నాళికలో మిగిలిన నీళ్లు పోసి సల్ఫర్‌ను పట్టిచ్చే నైట్రోప్రస్సైడ్ రెండు చుక్కలు వేసింది. ఊదా రంగు, నేరేడుపండు కొరికిన నాలుక మీద ఉండే రంగు, గుప్పుమంది. సల్ఫర్ కూడా హాజరు పలికింది.

త్రాసు మాస్టారు పెన్ను జేబులో పెట్టేశారు. కానీ ఆయన త్రాసు మాస్టారు కదా, రెండో పళ్లెం కూడా చూడకుండా ఎలా వదులుతారు? కోటు విప్పి కుర్చీ మీద వేశారు. తన చేత్తో సోడియం కోసి, సగమే తీసుకుని, పదార్థం పూర్తిగా వేసి, కాల్చి, ముంచి, వడకట్టి, ఇనుము కలిపి ఆమ్లం పోశారు. అందరూ మెడలు చాచి చూశారు. నాళిక రక్తంలా ఎర్రబడింది. పెద్దక్క మొదటి ఎర్ర నాళిక పక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పలేనంత ఒకేలా ఉంది.

ఆయన ఆ రెంటినీ స్టాండులో పక్కపక్కన పెట్టారు. తర్వాత ల్యాబులో చివరి బల్లకు కూడా వినపడేలా అన్నారు.

"రెండు రంగులూ నిజమే. అబద్ధమల్లా నా అనుమానం ఒక్కటే. అమ్మా, ఇన్నేళ్లుగా ఈ పరీక్ష పెడుతున్నాను. ఎరుపు వస్తుందని పుస్తకం చూసి చెప్పాను కానీ, ఎందుకొచ్చిందో ఇలా నా ముందు చేసి చూపించినవాళ్లు లేరు. మీకు పూర్తి మార్కులు. అమ్మాయికీ పూర్తి మార్కులు."

"నైట్రోజన్, సల్ఫర్! రెండూ ఉన్నాయి సార్, నేనే నింపాను!" అంది ల్యాబ్ మేడమ్, ఇంతసేపూ బిగబట్టుకున్న మాట ఒక్కసారిగా బయటపడి. అందరూ గొల్లున నవ్వారు. కుర్రాళ్లు బల్లలు చరిచారు. ఒకడు ఈల వేశాడు. త్రాసు మాస్టారు ఈల వినపడనట్టు కోటు తొడుక్కున్నారు.

వరండాలోకి రాగానే గువ్వ తల్లిని వాటేసుకుంది. "అమ్మా, ఆ బురద చూసి చచ్చాననుకున్నా! 'ఇంకొంచెం పొయ్యవే తల్లీ' అని అరవబోయి ఆపుకున్నా!"

"ఆ మాట నీ చేతి వెనక కొట్టుకోవడం చూశాలేవే. అది సరే, ఇందాక నన్నేమని పిలిచావు?"

"ఏమో, గుర్తులేదు పెద్దక్కా," అంది గువ్వ. అని తల్లి భుజం మీద తల వాల్చేసి, "అమ్మా," అంది మళ్లీ, ఈసారి నెమ్మదిగా. పెద్దక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. నీలం వేళ్లతో తుడుచుకునేసరికి బుగ్గ మీద నీలం గీత పడింది.

అంతలో ల్యాబ్ మేడమ్ వెనకనుంచి వచ్చి పెద్దక్కను పక్కకు పిలిచింది.

"ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నానండీ. సార్‌కి ఆ అనుమానం ఊరికే రాలేదు. మధ్యాహ్నం ఆఫీసుకి ఫోనొచ్చింది. పొద్దున కూతురు తల్లికి జవాబులన్నీ చెప్పేసింది, చూసుకోండి అని. ఎవరని అడిగితే, వాళ్లింటి మనిషినే అన్నారట."

"ఆడగొంతా, మగగొంతా?"

"గుసగుసగా మాట్లాడి పెట్టేశారట. గుమాస్తా పోల్చుకోలేకపోయాడు."

ఇంట్లో ఉన్నదే నలుగురు. తామిద్దరినీ తీసేస్తే మిగిలింది ఇద్దరు. పెద్దక్కకు ఆలోచించే పని లేకుండా అత్తగారే కళ్లముందు మెదిలింది. 'ఈ వయసులో చదువేంటి, నలుగురూ నవ్వుతారు' అని పొద్దున లేస్తే అదే పాట. జలాశయం దగ్గర ఉద్యోగమంటే క్వార్టర్స్‌లో ఉండాలని తెలిసినప్పటినుంచి ఆవిడ మూతి ముడుచుకునే ఉంది. భర్త మాట వేరు. అప్రాన్ కుట్టించింది ఆయన. ఫీజు కట్టింది ఆయన. 'నువ్వు చదువు, నేనున్నాగా' అని నలుగురిలో గొప్పగా చెప్పుకున్నదీ ఆయనే.

సరే, అత్తగారి సంగతి కూడా పరీక్షించే తేల్చాలి అనుకుంది పెద్దక్క. ఇంటికెళ్లి ఆవిడ ముందు 'పరీక్ష పోయింది' అని చెప్పి, ముఖంలో ఏ రంగొస్తుందో చూస్తే సరిపోయె. గెలిచిన ఊపులో ఆ ఆలోచన భలే బాగుందనిపించింది. "గువ్వా, నేనేం చెప్పినా నువ్వు నోరెత్తకు. చిన్న నాటకం," అంది. పిల్ల కళ్లు మెరిశాయి.

గేటు బయట భర్త స్కూటరుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వీళ్లను చూసి ఎదురొచ్చాడు.

"ఆఫీసు నుంచి తిన్నగా ఇక్కడికే వస్తున్నా. ఎలా రాశారిద్దరూ?"

అత్తగారి దగ్గర నోరు తడబడకూడదు కదా, ముందు ఈయన మీద ఒకసారి చెప్పి చూసుకుందాం అనుకుంది పెద్దక్క. ముఖం వేలాడేసుకుంది. తర్వాత నవ్వేసి అసలు విషయం చెబితే ఆయన ఎంత సంబరపడతాడో తలుచుకుంటే నవ్వు ఆగడం లేదు. నేలచూపులు చూస్తూ అంది.

"పోయిందండీ. ఇద్దరిదీ పోయింది."

ఆయన ముందు గుండెల నిండా ఉన్న గాలి వదిలాడు. బరువు దించుకున్న మనిషిలా భుజాలు కిందికి జారాయి. ఆ తర్వాత ముఖంలోకి బాధ తెచ్చుకున్నాడు. దగ్గరికొచ్చి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ప్రేమగా అన్నాడు.

"పోనీలే, ఏడవకు. పొద్దున పిల్ల నీకు జవాబులు చెప్పిందంటే మాత్రం ఎవరు నమ్ముతారు? వాళ్లతో నేను మాట్లాడతా."

గువ్వ పెదాల మీద నవ్వు అలాగే ఉండిపోయింది. పెద్దక్క తన భుజం మీది చేతిని చూసింది, తర్వాత ఆయన కళ్లలోకి చూసింది. పరీక్ష పోయిందని మాత్రమే ఆవిడ చెప్పింది. ఎందుకు పోయిందో ఇంకా చెప్పనే లేదు.